పీఓసీకి ఓ రూలు, ప్రొడక్షన్‌కి ఓ రూలు

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పీఓసీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ముందు చిన్నది కట్టి చూపిస్తాం, పనిచేస్తే పెద్దది కడతాం. అమెరికా రక్షణ శాఖ కొనుగోళ్ళు మాత్రం చాలాకాలం రివర్సులో నడిచాయి. ముందు కట్టలకొద్దీ రిక్వైర్‌మెంట్లు, తర్వాత టెండర్లు, ఆ తర్వాత ఎప్పటికో వస్తువు. ఈలోపు టెక్నాలజీ కాస్తా పాతబడిపోతుంది. ఆ నిబంధనల పుస్తకం చూసి చిన్న కంపెనీలు అటు తొంగి కూడా చూడవు.

దీనికి వాళ్ళ దగ్గరే ఓ అడ్డదారి ఉంది. పేరు 'అదర్ ట్రాన్సాక్షన్'. మామూలు కాంట్రాక్టూ కాదు, గ్రాంటూ కాదు, "ఇంకోటి" అన్నమాట :) 1958లో నాసా చట్టంతో మొదలై, 1989లో డార్పాకి, 1990ల్లో రక్షణ శాఖ నమూనాలకి వచ్చింది. షరతులు కూర్చుని మాట్లాడుకోవచ్చు. పోటీ పెట్టి ఎంచుకున్న నమూనా విజయవంతమైతే, మళ్ళీ పోటీ లేకుండా ప్రొడక్షన్ ఆర్డరూ ఇవ్వొచ్చు.

చిక్కంతా ఇక్కడే. 2018 ఫిబ్రవరిలో రీన్ క్లౌడ్ అనే చిన్న కంపెనీకి ఇలాగే క్లౌడ్ మైగ్రేషన్ పని ఇచ్చారు. పరిమితి ఎంతనుకున్నారు? 95 కోట్ల డాలర్లు! గొడవయ్యేసరికి నెల తిరక్కుండానే 6.5 కోట్లకి దించారు. ఒరాకిల్ ఫిర్యాదు చేస్తే, ఆడిట్ సంస్థ జీఏఓ మే నెలాఖరులో దాన్ని సమర్థించింది. కారణాలు రెండు: ప్రొడక్షన్ ఉంటుందని నమూనా ఒప్పందంలో రాయలేదు, పైగా నమూనా పని ఇంకా పూర్తే కాలేదు.

ఒరాకిల్ ఏదో ధర్మం కోసం పోరాడిందని కాదు, దాని వ్యాపారం దానిది. కానీ జీఏఓ చెప్పింది మాత్రం మనందరికీ తెలిసిన సంగతే. డెమో కోసం రాసిన కోడ్ సడీచప్పుడు లేకుండా ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోతే ఏమవుతుందో అర్ధరాత్రి కాల్స్ ఎత్తినవాళ్ళని అడగండి.

2025 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు ఈ దారికే పెద్దపీట వెయ్యమంది. వెయ్యాల్సిందే. నమూనా దశలో తప్పులు చేసే స్వేచ్ఛ లేకపోతే కొత్తది పుట్టదు. కానీ నమూనా నుంచి ప్రొడక్షన్‌కి దాటే గేటు దగ్గర మాత్రం ఎవరు గెలిచారు, దేన్ని బట్టి గెలిచారు అన్నది కాగితం మీద కనపడాలి. స్వేచ్ఛ గేటుకి ఇవతల, లెక్క గేటు దగ్గర. కట్టేది జనం డబ్బు కదా మరి.