మనలి నుంచి మనాలికి: సంచిలో ముందు ఏం పెట్టుకోవాలి?



మనం ఉండేది మనలి, వెళ్దామనుకుంటున్నది మనాలి. ఒక్క దీర్ఘమే కదా తేడా అని గ్రూపులో నవ్వుకుంటున్నాం. ఆ దీర్ఘంలో రెండు వేల మీటర్ల ఎత్తు ఉంది. మన ఊరు దాదాపు సముద్రమట్టం. హిమాచల్ మనాలి సుమారు 2,050 మీటర్లు. అక్కడి నుంచి మనం దాటబోయే హంప్టా పాస్ దాదాపు 4,270 మీటర్లు. మధ్యలో పడక డేరాల్లోనే. "ఏమేం తెచ్చుకోవాలి?" అని అడుగుతున్న అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

ముందు బట్టలు. మన ఎండకు నూలు బట్టను మించింది లేదు. కొండ మీద అదే పనికిరాదు. చెమటకు తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల పల్చటి థర్మల్, దానిమీద ఫ్లీస్, పైన గాలీ వానా ఆపే జాకెట్. ఒక లావుపాటి స్వెటరు కన్నా ఈ మూడు పొరలు మేలు. ఎక్కేటప్పుడు ఒకటి విప్పొచ్చు, ఆగగానే తొడుక్కోవచ్చు. రాత్రి పడుకోవడానికి ఒక జత బట్టలు, ఉన్ని మేజోళ్లు ప్లాస్టిక్ కవర్లో విడిగా కట్టి పెట్టండి. పగలు వాటిని ముట్టుకోవద్దు.

బూట్లు ఇప్పుడే కొని రోజూ వేసుకోండి. మనకు కొండలు లేకపోయినా మెట్లున్నాయి. అయిదు కిలోల సంచి తగిలించుకుని ఎక్కి దిగండి.

తిండి సంగతి. నాలుగు వేల మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకదు. అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, వేరుశనగ ఉండలు, చిన్న పొట్లంలో కారప్పొడి చాలు. ఆవకాయ జాడీ ఇంట్లోనే ఉంచండి వదినా! రిఫైనరీలో పనిచేసే అన్నయ్యలకు తెలిసిందే, సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ సరిగా ఆవిరి కాదు. ప్రొపేన్ కలిసిన సిలిండరు అయితే బాగా వెలుగుతుంది. గ్యాస్ రైల్లోనూ విమానంలోనూ తీసుకెళ్లకూడదు, అక్కడే కొనుక్కోవాలి.

తలకు కట్టుకునే లైటు, మంచుకు నల్ల కళ్లద్దాలు, ఓఆర్ఎస్ మరవొద్దు. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. రాత్రి ఫోను, పవర్ బ్యాంకు స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోండి. సంచి ఎనిమిది కిలోలు దాటొద్దు. మీరు మోయలేనిది ఇంకొకరి వీపు మీదికి వెళ్తుంది.

ఇవన్నీ డబ్బిస్తే దొరుకుతాయి, కొన్ని అద్దెకూ దొరుకుతాయి. దొరకనిది సెలవు. ఇప్పుడు వేసుకున్న లెక్క ప్రకారం పొద్దున బస్సు దిగి, అదే రోజు చికా చేరి 3,100 మీటర్ల ఎత్తులో పడుకుంటాం. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడక రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలని వైద్యులు చెబుతారు. దీనికి కండబలంతో సంబంధం లేదు. మన తెలుగు పిల్లలు పూర్ణ, ఆనంద్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అంతకుముందు భువనగిరి బండ మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ పొందారు. అంత సాధన చేసినవాళ్లకూ ఆ కొండ దగ్గర ఊపిరి అలవాటు కావడానికి వారాలు పట్టింది. షిఫ్టు డ్యూటీ చేసే మనకు ఒక్క రోజైనా వద్దా?

తలనొప్పి, వాంతులు వస్తే పైకి వెళ్లకూడదు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దిగాలి. ఎసిటజోలమైడ్ మాత్ర డాక్టరు చెబితేనే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

నా భయం మాత్రం వేరే. తిరుగు టికెట్ మర్నాటికే ఉంటే తలనొప్పి వచ్చిన మనిషి చెప్పడు. నలుగురి యాత్ర తన వల్ల చెడుతుందని దాచుకుంటాడు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

అందుకే అందరికీ ఒక విన్నపం. టికెట్లు తీయకముందే రెండు రోజులు ఎక్కువ సెలవు అడగండి. ఒకటి మనాలిలో ఊరికే తిరగడానికి, రెండోది చివర్లో అక్కరకు. అది దొరకనివాళ్లు సోలాంగ్ లోయ దాకా వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లండి, మీకూ మంచు కొండలు కనిపిస్తాయి. ఎవరికి ఎన్ని రోజులు దొరికాయో ఈ ఆదివారంలోగా కింద రాయండి. దాన్నిబట్టే తేదీలు పెట్టుకుందాం.