ఒక్కో క్లాసుకి ఒక్క టీచరు

మా ఊరి ప్రైమరీ స్కూల్లో ఇప్పుడు 26 మంది పిల్లలున్నారు. నేను చదివే రోజుల్లో 90 దాటి ఉండేవాళ్లం. అలాగని ఊరేం ఖాళీ అవ్వలేదు. పొద్దున ఏడున్నరకి చింతచెట్టు దగ్గర నిలబడితే మిగతా పిల్లలంతా కనిపిస్తారు. పక్కనున్న టౌన్ నుంచి వచ్చే ప్రైవేటు స్కూలు బస్సు కోసం ఎదురుచూస్తుంటారు.

"గవర్నమెంటు బళ్లో చదువు చెప్పరు" అని ఒక్క మాటతో తేల్చేయొచ్చు. కానీ కొంచెం లెక్క చూడండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. 26 మందికి ఇద్దరంటే కాగితం మీద బాగానే ఉంది. కానీ అక్కడున్నవి ఐదు క్లాసులు. ఒకటో క్లాసుకి అక్షరాలు దిద్దిస్తూ, అదే గదిలో ఐదో క్లాసుకి భిన్నాలు చెప్పాలి. ఒక సారు మీటింగుకో ట్రైనింగుకో పోయారంటే, ఆ రోజు ఐదు క్లాసులూ ఒక్కరి మీదే.

మన కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టులో వచ్చే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ ఇదే. పిల్లలు తగ్గితే పోస్టు పోతుంది. పోస్టు పోతే చదువు తగ్గుతుంది. చదువు తగ్గిందని ఇంకో నలుగురు బస్సెక్కుతారు.

తెలంగాణలో ఏమీ చెయ్యలేదని కాదు. 2022లో 'మన ఊరు-మన బడి' పెట్టి టాయిలెట్లు, నీళ్లు, కరెంటు, రంగులు అన్నారు. ఆ ఏడాదే ఇంగ్లీషు మీడియం తెచ్చారు. జూన్ వస్తే బడిబాట పేరుతో టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. మొన్న మా ఇంటికొస్తే వదిన ఒక్కటే అడిగింది: "సార్, మావోడి క్లాసుకి వేరే టీచర్ ఉంటరా?" సారు ఏం చెప్తారు? టీ తాగి లేచారు. విత్తనాలకి దాచిన డబ్బులోంచే అన్న ఫీజు కట్టాడు. విత్తనాల ఖర్చు, స్కూలు ఫీజు రెండూ జూన్‌లోనే మీద పడతాయి మరి.

విచిత్రం ఏంటంటే, ఆ ప్రైవేటు స్కూల్లో చెప్పేది మా పక్కింటి అక్కే. తక్కువ జీతానికి చేస్తూ రాత్రిళ్లు డీఎస్సీకి చదువుతోంది. రేపు పోస్టొస్తే ఆమె చేరేది గవర్నమెంటు బళ్లోనే. మనిషి అదే, పాఠం అదే. కాకపోతే ఇప్పుడు ఆమె చేతిలో ఒక్క క్లాసే ఉంది. అమ్మానాన్నలు ఫీజు కట్టేది చాలావరకు ఆ ఒక్కదానికే.

ఫీజు కట్టలేని ఇళ్ల సంగతి వేరు. మా వీధిలోనే రెండిళ్లల్లో అన్న బస్సెక్కుతాడు, చెల్లెలు ఊరి బడికి నడిచిపోతుంది. ఇద్దరికీ కట్టే స్తోమత లేక వాళ్ల అమ్మానాన్నలు తేల్చుకున్న లెక్క అది. రేపు పిల్లలు లేరని బడి మూసేస్తే నష్టపోయేది ఆ చెల్లెలే.

అందుకే పిల్లల సంఖ్యని బట్టి కాకుండా క్లాసుల్ని బట్టి టీచర్లని ఇవ్వాలంటాను. ఖర్చవుతుంది, నిజమే. ఇప్పుడు ఆ ఖర్చంతా మా అన్నలాంటోళ్లు విత్తనాల డబ్బుతో పెట్టుకుంటున్నారు. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీరూ మీ బడికి పోయి చూడండి. గోడల రంగు తర్వాత, ముందు ఎన్ని క్లాసులకి ఎంతమంది టీచర్లున్నారో అడగండి.