బొమ్మల సంచి లెక్క

వీడియో గేము అనిన మాత్రమున పెద్దలు కాలహరణమని తలంతురు. ఆడుట యెట్లున్నను, చిన్న ఆటనొకదానిని కట్టుట లెక్కల పరీక్షకు తీసిపోదని గడచిన వేసవి సెలవులలో నాకు విదితమయ్యెను. మా కంకిపాడు బందరు త్రోవమీద నున్నది; విజయవాడ దాటి వాయవ్యముగా బోయిన కొండపల్లి వచ్చును. అచ్చటి బొమ్మలను సంక్రాంతి కొలువులలో చూడనివారు మనలో నుండరు. వానిని చేయుటయే నా యాటకు విషయము.

స్వీడను దేశమున పుట్టి 2011లో సంపూర్ణముగా వెలువడిన మైన్‌క్రాఫ్ట్ అను ఆటను చదువరులనేకు లెరుగుదురు. అందొక దుంగనుండి నాలుగు పలకలు వచ్చును. తొమ్మిది గళ్ల బల్లపై ఏ సరుకును ఏ గడియందుంచితిమను దానినిబట్టి పనిముట్టు మారును. నా యాటలో గళ్లతో పనిలేదు. పని వరుసయే ముఖ్యము. కొండపల్లి పనివారు తెల్లపొణికి కొయ్యను ఆరబెట్టి, అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, పిదప రంగులు వేయుదురు. నా యాటలో మొండెమునకొక దుంగ, చేతులకొక దుంగ కావలెను. చెక్కునపుడు రాలిన పొట్టే మక్కునకు పనికివచ్చును గావున, చెక్కుట అను ఒక్క పనికి రెండు ఫలితములు: అవయవము, పొట్టు.

సంచిని పైథాన్ భాషలో నిఘంటువువంటి పట్టికగా వ్రాసితిని. వస్తువు పేరు ఒకవైపు, ఎన్ని కలవో ఆ సంఖ్య రెండవవైపు. అరలు 8, జాతికొక అర, అరకు 10 వస్తువులు మించరాదు. ఇచ్చటనే చిక్కు. సరుకులను ఒకదానివెంట నొకటి తీసివేయుచు పోయినచో, మొండెము పోయిన తరువాత మక్కు లేదని తెలియును. అప్పుడు ఆడువానికి మొండెమును దక్కదు, బొమ్మయు దక్కదు. మా నాయనమ్మ బూరెలు వండబూనినపుడు పప్పు, బెల్లము, నూనె ఎదుట పెట్టుకొనినగాని పొయ్యి ముట్టింపదు. ప్రోగ్రామును అట్లే నడువవలెను. అంతటితోను తీరదు. సరుకులన్నియు నున్నను, తయారైన బొమ్మకు అర లేకపోవచ్చును. అయితే మొండెములన్నియు ఖర్చుకాగానే వాని అరయే ఖాళీయగును. కనుక ముందుగానే 'చోటు లేదు' అనుటయు న్యాయము కాదు. ఇందుకై సంచికి నకలు తీసి, తీసివేతలు కూడికలు నకలుమీద జరిపి, అరలు సరిపోయినప్పుడే దానిని అసలు సంచి స్థానమున నిలిపితిని. సరిపోనిచో నకలును పారవేయుటే. అసలునకు ఏ లోటును రాదు. ఆటలోని రంగులకన్న నాకీ నాలుగు పంక్తులే యెక్కువ ముచ్చట గొల్పినవి.

తగవు మాత్రము చెట్టు దగ్గర వచ్చినది. నరికిన పొణికిచెట్టు మరుక్షణమే మొలవవలెనని మా తమ్ముని పట్టు. నేనొప్పుకొనలేదు. కొండపల్లి అడవులలో ఆ చెట్లు తగ్గిపోయి, కొయ్య దొరకక పనివారు ఇబ్బంది పడుచున్నారు. కొయ్యకు కొదవలేని ఆటకు కొండపల్లి పేరు పెట్టుట నాకు తగదనిపించినది. నిజమునకు చెట్టెదుగుటకు ఏండ్లు పట్టును. ఆటలో 30 దినములతో సరిపెట్టితిని. మొక్క నాటి అంతకాలము కాచుకొనినగాని దుంగ రాదు. తమ్ముడు రెండు దినములు నాతో మాటాడలేదు. ఇప్పుడు వాని సంచిలో చేతులులేని మొండెములు నాలుగున్నవి. మూడు మొక్కలు నాటి, నిన్న సాయంకాలము మొదలు ఆటలోని పొద్దులు లెక్కించుచున్నాడు.