నాన్నగారి చట్రాలు

"ఇవేమిటండీ, చేపలా?" అని మా ఆవిడ ఫ్రీజరు తలుపు పట్టుకుని కేక పెట్టింది. చేపలు కావు. ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన తేనెపెట్టె చట్రాలు, ఏడు. అనకాపల్లిలో మా నాన్నగారు టేకు చెక్కతో స్వయంగా చేసినవి. వాడకుండానే ఆయన పోయారు. ఆవకాయ జాడీ పక్కన సర్దుకుని నేను జార్జ్ టౌన్ తెచ్చుకున్నాను.

పెరట్లో కొబ్బరిచెట్టు కింద పెట్టె రెండేళ్ళు నిండుగా ఉంది. మన ఊళ్ళో చెట్టుతొర్రల్లో కాపురముండే ఈగే ఇక్కడా ఉంది. తర్వాత అమ్మకు జబ్బు చేసిందంటే మూడు నెలలు అనకాపల్లిలో ఉండిపోయాను. అమ్మ కోలుకుంది. తిరిగొచ్చి పెట్టె మూత తీస్తే ఒక్క ఈగ లేదు. పట్టు నిండా సాలెగూడులాంటి దారాలు, నల్లటి రెట్టలు, తెల్లటి పురుగులు. మైనపు చిమ్మట పట్టింది.

ఈ పురుగుకి వట్టి మైనంతో కడుపు నిండదు. పిల్ల ఈగలు విడిచిన పొరలూ, పుప్పొడీ కావాలి. అందుకే నల్లబడిన పాత పట్టు మీద ముందు పడుతుంది. గూడు కట్టుకోవడానికి చెక్కను కూడా పడవ ఆకారంలో తొలిచేస్తుంది. చలిదేశాల్లో శీతాకాలం దాని జోరు తగ్గిస్తుంది. పెనాంగ్‌లో పన్నెండు నెలలూ దానికి పండగే.

మిత్రులు కాల్చెయ్యమన్నారు. ఫోనులో అమ్మ మాత్రం, "మీ నాన్న ఒక్క చెక్క పారేసేవారు కాదురా. గీకి, సోడా నీళ్ళలో కడిగి వాడేవారు" అంది. ఈగలు అంటురోగంతో చస్తే కాల్చడమే మంచిది. చిమ్మట ఒక్కటే అయితే చెక్క దక్కుతుంది. మా ఆవిడ కలరా ఉండలు తెచ్చింది గానీ, వద్దన్నాను. ఆ వాసన మైనంలో ఇంకి తేనెకెక్కుతుంది.

మీలో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను. పాడైన పట్టు కోసి పారేశాను. చట్రాల్ని ఫ్రీజరులో, సున్నాకి 18 డిగ్రీల దిగువన, 48 గంటలు ఉంచాను. గుడ్లతో సహా చస్తాయి. తీశాక చల్లదనం పోయేదాకా సంచి విప్పకూడదు, లేకపోతే చెమ్మ పడుతుంది. ఆపైన మూలమూలలా గీకి, చాకలి సోడా కలిపిన వేడినీళ్ళలో తోమి, కడిగి, ఎండబెట్టాను. దీనికి వంటగిన్నె మాత్రం వాడకండి. మైనం వదలదు, ఇల్లాలూ వదలదు! పెట్టె లోపల మంటతో పైపైన కాల్చాను. పై కమ్మీలకు సన్నటి మైనపు పట్టీ అతికించాను, కొత్త ఈగలు దాన్ని పట్టుకుని పట్టు కట్టుకుంటాయి.

ఈగలు నిండుగా ఉన్న పెట్టెలో చిమ్మట ఆటలు సాగవు. పురుగు కనబడితే అవే ఈడ్చి పారేస్తాయి. బలం తగ్గిన పెట్టెకే ఈ తిప్పలు. ఆ మూడు నెలలూ నెలకోసారి మూత తీసి చూడమని పక్కింటివారికి చెప్పి వెళ్ళాల్సింది. అది నా తప్పు.

పోయిన వారం కొత్త గుంపును దింపాను. చెక్క మీద పడవ గాడులు అలాగే ఉన్నాయి. నాన్నగారి ఉలి గీతల పక్కనే.