సంతకం లేని కాగితం

ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినవాడికి సంతకం విలువ వేరే చెప్పనక్కరలేదు. ఓచరు రాసేది ఒకరు, చూసి పాస్ చేసేది మరొకరు. తేడా వస్తే రాసినవాడిని ఒక ప్రశ్న అడుగుతారు, పాస్ చేసినవాడిని పది అడుగుతారు. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన ఏడాదే తెలిసింది. సంతకం పెట్టకుండా కూడా మనిషి ఒక కాగితాన్ని పాస్ చెయ్యగలడని తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఆ పాఠం నేర్పింది బ్యాంకు కాదు, ఒక ఆటల క్లబ్బు నోటీసు బోర్డు.

1998 చలికాలం. మా బరంపురంలో పాతికమంది కలిసి నడుపుకునే చిన్న క్లబ్బు అది. ఒక షటిల్ కోర్టు, రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక కేరమ్ బోర్డు. సభ్యుల్లో సగంమంది ఒడియావారు, సగంమంది మనవాళ్ళు. అధ్యక్షులు ఒక ఒడియా పెద్దమనిషి. కార్యదర్శిని నేను. అప్పటికి గుమాస్తానే, ముప్పై నిండలేదు. కోశాధికారి ఒక తెలుగు మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవారు. ఆయన ఆడినా ఆడకపోయినా గొడుగు, గుడ్డసంచీ, సంచీలో లెక్కల పుస్తకం లేకుండా వచ్చేవారు కారు. కాక్‌ల డబ్బా కొన్నా రసీదు అడిగేవారు. టీ ఖర్చు రెండు రూపాయలు పెరిగినా కారణం అడిగేవారు. అందుకే కొందరికి ఆయనంటే గిట్టేది కాదు.

షెడ్డు గోడకి చెక్క నోటీసు బోర్డు ఉండేది. “కార్యదర్శి సంతకం లేనిదే ఏ కాగితమూ అంటించరాదు” అని దాని పైన మూడు భాషల్లో రాసి పెట్టింది నేనే.

ఆ డిసెంబరులో వారం తేడాతో ఆ బోర్డు మీదకి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది ఒక కుర్ర సభ్యుడు తన పేరు రాసి, సంతకం చేసి పెట్టినది. నెట్టు చిరిగి రెండు నెలలైందనీ, చందా వసూలులో ఉన్న చురుకు కార్యదర్శిగారికి నెట్టు మార్చడంలో లేదనీ దాని సారాంశం. అందులో ప్రతి మాటా నిజం. అయినా నా అనుమతి లేకుండా పెట్టాడని గంట తిరక్కుండా చించేశాను.

రెండోదానికి పేరూ లేదు, సంతకమూ లేదు. తెలుగులో నాలుగు పాదాల పద్యంలాంటిది. మాస్టారి పేరెక్కడా లేదు కాని గొడుగూ సంచీ ఉన్నాయి. తీసివేతల్లో ఆయన్ని మించినవాడు లేడనీ, క్లబ్బు కాక్‌ల ఈకలన్నీ ఆ ఇంటి తలగడల్లోకి చేరుతున్నాయనీ వేళాకోళం. చదివినవాళ్ళందరూ నవ్వారు. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. రాసినవాడికి భాష బాగా వచ్చని మెచ్చుకున్నాను కూడా. అధ్యక్షులవారు బోర్డు ముందు ఆగి, అదేమిటని నన్ను అడిగారు. ఆయనకి తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది కాని చదవడం రాదు. “ఏమీ లేదు సార్, మావాళ్ళ తమాషా” అన్నాను.

రాష్ట్రేతరాంధ్రులం మనకి ఈ సుఖం ఒకటుంది. నలుగురి మధ్యా మన లిపి మనకే రహస్యం. కాని ఆ రోజు కమిటీలో మాస్టారు కాక ఆ కాగితం చదవగలిగినవాణ్ణీ, తీసేసే అధికారం ఉన్నవాణ్ణీ నేనొక్కణ్ణే. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

కాగితం తొమ్మిది రోజులు ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో మాస్టారు ఎన్నిసార్లు చదువుకున్నారో తెలియదు. పదో రోజు వచ్చి లెక్కల పుస్తకం, రసీదుల కట్ట, నాలుగు వందల పన్నెండు రూపాయల నగదు బల్ల మీద పెట్టారు. ముట్టినట్టు రసీదు రాయించుకుని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. అప్పుడు లేచి ఆ కాగితం చించాను. ఆ రాత్రి పుస్తకం మొదటినుంచీ చూశాను. ఒక్క పైసా తేడా లేదు.

రెండు వారాలకి వాళ్ళింటికి వెళ్ళాను. రాసినవాడెవడో కనుక్కుంటాను, మళ్ళీ రండి అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు: “రాసినోడి మీద నాకు కోపం లేదు బాబూ. ఎవడో చీకట్లో అంటించి పోయేడు. నువ్వు రోజూ దాని ముందు నించొని టీ తాగేవు.” నాకు మాట రాలేదు. ఆయన మళ్ళీ క్లబ్బుకి రాలేదు.

కొన్నేళ్ళకి ప్రమోషన్ పరీక్షకి చదువుతూ, బ్యాంకు తరఫు వకీలుగారి గదిలో కూర్చుని సందేహాలు తీర్చుకుంటున్నప్పుడు ఈ కథ చెప్పాను. ఆయన నవ్వి, నీ కేసు ఇంగ్లండులో ఎప్పుడో నడిచిందయ్యా అన్నారు. అది 1937 నాటి బర్న్, డీన్‌ల కేసు. సస్సెక్స్‌లోని సీఫర్డ్ అనే ఊళ్ళో ఒక గోల్ఫ్ క్లబ్బు. అక్కడ జూదపు యంత్రాలు ఉండేవి. ఎవరో పోలీసులకి చెప్పారు, యంత్రాలు పోయాయి. మరునాడు క్లబ్బు గోడ మీద టైపు చేసిన పద్యం ఒకటి వెలిసింది, ఆట బయటపెట్టినవాడిని శపిస్తూ. ఎవరినో సూటిగా చెప్పలేదు కాని, ఒక మాట వర్ణక్రమాన్ని బర్న్ అనే సభ్యుడి పేరు గుర్తొచ్చేలా వంచారు. మా మాస్టారి గొడుగులాగే. ఆయన దావా వేసింది రాసినవాడి మీద కాదు, క్లబ్బు యజమానుల మీద. వారిలో ఒకరైన శ్రీమతి డీన్ కార్యదర్శి కూడా. ఆ క్లబ్బులోనూ కార్యదర్శి అనుమతి లేనిదే నోటీసు పెట్టరాదనే నియమం ఉంది.

అప్పీలు కోర్టులో గ్రీన్ అనే న్యాయమూర్తి పెట్టిన పరీక్ష చాలా తేలిక. తెలిసి, తీసేసే వీలుండి తియ్యకపోతే, ఆ రాత అక్కడ కొనసాగడానికి తాను బాధ్యత తీసుకున్నట్టు అనుకోవచ్చా? రాతిగోడలో లోతుగా చెక్కి ఉంటే, తియ్యాలంటే గోడే పడగొట్టాలంటే, అది వేరు. కాగితం ఊడదీయడానికి ఏం కష్టం? కాబట్టి కార్యదర్శి ప్రచురించినట్టే అన్నారు.

అయినా బర్న్ ఓడిపోయాడు. నేరం గురించి పోలీసులకి చెప్పాడనడం సజ్జనుల దృష్టిలో మనిషిని తగ్గించే మాట కాదని ముగ్గురిలో ఇద్దరు న్యాయమూర్తులు తేల్చారు. అంటే చట్టం అడిగేవి రెండు ప్రశ్నలు. నువ్వు ప్రచురించావా అన్నది ఒకటి. ఆ మాట పరువు తీసేదేనా అన్నది రెండోది. మాస్టారి విషయంలో రెండో ప్రశ్నకి కూడా తప్పించుకునే దారి లేదు. క్లబ్బు సొమ్ము తిన్నాడనడం పరువు తీసే మాట కాకపోతే మరేది అవుతుంది?

మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతి 499వ సెక్షన్ ఈ మాటే చెప్పింది. వ్యంగ్యంగా అన్నా అన్నట్టేనని దాని వివరణలోనే ఉంది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. శిక్ష రెండేళ్ళ వరకు సాధారణ ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజసేవ. అయితే ఆ సెక్షన్‌కి పది మినహాయింపులున్నాయి. ప్రజలకి సంబంధించిన విషయంలో ఒకరి నడవడి గురించి సదుద్దేశంతో చెప్పే అభిప్రాయం నేరం కాదు. సదుద్దేశమంటే మంచి మనసు ఒక్కటే చాలదు, తగిన శ్రద్ధా జాగ్రత్తా ఉండాలని చట్టం అర్థం.

ఆ లెక్కన చూస్తే నేను చేసింది పూర్తిగా తలకిందులు. కుర్రాడి విమర్శకి పేరుంది, సంతకముంది, చిరిగిన నెట్టు సాక్ష్యముంది. అది ఉండవలసిన కాగితం. నా మీద కాబట్టి గంటలో చించాను. మాస్టారి మీద రాసినదానికి పేరూ లేదు, ఆధారమూ లేదు. నా మీద కాదు కాబట్టి తొమ్మిది రోజులు ఉంచాను. కాగితం తియ్యడం నాకు చేతకాదని ఏ కోర్టులో చెప్పగలను? వారం ముందే తీసి చూపించానుగా.

ఇప్పుడు మా క్లబ్బుకి చెక్క బోర్డు లేదు, వాట్సాప్ గ్రూపు ఉంది. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. సభ్యులు ఏం పెడతారో ముందుగా అడ్మిన్ చేతిలో ఉండదన్నది వాటి వాదం. న్యాయమే. కాని 2022లోనే, ఇతరులు పెట్టినదాన్ని అందరికీ కనబడకుండా తీసేసే మీట కూడా అడ్మిన్ చేతికి వచ్చింది. గ్రీన్‌గారి పరీక్ష ప్రకారం ఇది రాతిగోడా, కాగితమా? చట్టం సంగతి కోర్టులు చూసుకుంటాయి. అలాంటిది కనబడ్డ రోజున నేను మాత్రం టీ పూర్తయ్యేదాకా ఆగను. పేరు పెట్టి, నిజం చెప్పి నన్ను తిట్టినదాన్ని తియ్యను.

వాణిజ్యశాస్త్రం చదివినవాళ్ళకి కాలదోషం సంగతి తెలుసు. ప్రోనోటు మీద దావాకి మూడేళ్ళు, రాతపూర్వకమైన పరువునష్టానికి ఒక్క ఏడాదే గడువు. మాస్టారు దావా వెయ్యలేదు, వేసే మనిషీ కాదు. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. అప్పట్లో నేను క్షమించమని అడగలేదు, రాసినవాణ్ణి పట్టుకుంటానని మాత్రమే అన్నాను.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ మా బి.కాం. రోజుల్లో కంఠస్థం. కాలదోషం పట్టిన బాకీని కూడా తీరుస్తానని రాసి, సంతకం పెడితే ఆ మాట చెల్లుతుంది. మాస్టారి పిల్లలు ఎక్కడున్నా ఈ పత్రిక చేతికందితే చదువుతారని రాస్తున్నాను. ఆ పద్యం రాసింది నేను కాదు. తొమ్మిది రోజులు గోడమీద ఉంచింది నేను. ఈసారి కాగితం కింద సంతకం పెడుతున్నాను.