మా యమ్మాయి వికృతపు బొమ్మలు

ఆడపిల్ల బొమ్మలతో నాడుకొనుచున్నదనిన వినువారెల్లరకును సంతోషమే. అయితే ఆ బొమ్మకు రెండు చేతులును, నవ్వుమొగమును ఉండవలెనని మనము చెప్పకయే నిర్ణయించుకొని యుందుము. మా యమ్మాయి బొమ్మలకు నవ్వుమొగములు లేవు. కొన్నిటికి మొగములే లేవు. వానిని గూర్చియు, వానివలన నాకు కలిగిన మేలును గూర్చియు సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2023వ సంవత్సరము జనవరి నెలలో నొకనాడు దుప్పట్లు మార్చుచు, ఆమె మంచముక్రింద నున్న అట్టపెట్టె నొకదానిని ఇవతలకు లాగితిని. మూత తీసి చూతును గదా, లోపల బొటనవ్రేలిలో సగమంతటి సైనికులు ఇరువదిమంది దాక నుండిరి. ఒకని భుజము వాచి, చీలి, ఆ చీలికలో పండ్లు మొలిచి యున్నవి. వేరొకని కవచము పగిలి, దానిలోనుండి ప్రేగులవంటి తీగెలు వెలికివచ్చి నేలమీద ప్రాకుచున్నవి. ఒక స్త్రీమూర్తికి కుడిచేతికి బదులు పీతడెక్క యున్నది. ఎడమప్రక్క రొమ్ము లేదు. ఆ చోట నెఱ్ఱని మాంసపుముద్ద యుబికి యున్నది. నా చేతులు వణకినవి. పదునైదేండ్ల పిల్లకు ఇట్టి తలంపు లెట్లు వచ్చినవి? దీనికి మనస్సు చెడినదా యని నాకు భయము వేసెను.

మేము నివసించునది ఇంగ్లండునందలి నాటింగ్‌హాము పట్టణము. నా భర్తగారి యుద్యోగమువలన 2010లో నిచ్చటికి వచ్చితిమి. ఇట్టి బొమ్మలకు ఈ యూరు పుట్టినిల్లువంటిది. 1975లో లండనులో ముగ్గురు మిత్రులు స్థాపించిన గేమ్స్ వర్క్‌షాప్ అను సంస్థయొక్క ముఖ్యస్థాన మిప్పుడు నాటింగ్‌హాముననే యున్నది. ఆ సంస్థవారు 1987లో వార్‌హామర్ 40,000 అను ఆటను వెలువరించిరి. అనేక సహస్ర సంవత్సరముల తరువాత నక్షత్రములమధ్య జరుగు యుద్ధముల కథ అది. బల్లమీద పాడుబడిన యిండ్లను, దిబ్బలను అమర్చి, ఇరువురు తమ తమ సేనలను నిలిపి, అంగుళములతో కొలిచి నడిపించుచు, పాచికలు వేసి జయాపజయములు తేల్చుకొందురు. మన చదరంగమును పాచికలాటయు కలిసిన ట్లుండునని చెప్పవచ్చును.

చదరంగపు పావులవలె ఈ సైనికులు సిద్ధముగా దొరకరు. ప్లాస్టిక్కు చట్రములలో తలలు, చేతులు, కాళ్లు విడివిడిగా వచ్చును. కొనినవారే కత్తిరించి, అతికించి, రంగులు వేసికొనవలెను. మా యమ్మాయివంటివా రంతటితో తృప్తి చెందరు. ఒక పెట్టెలోని తలను, వేరొక పెట్టెలోని కాళ్లను, చెడిపోయిన గడియారపు చక్రమును చేర్చి, ఎవ్వరియొద్దను లేని బొమ్మ నొకదానిని చేయుదురు. దీనికి కిట్‌బాషింగ్ అని పేరు. ఎచ్చటను దొరకని యంగములను ముద్దతో తామే మలచుకొందురు. మనిషి దేహమే యదుపు తప్పి, మారి, పెరిగి, తనకు తానే శత్రువగుటను చూపు కథలను, చిత్రములను, బొమ్మలను బాడీ హారర్ అందురు. మంచముక్రింది పెట్టెలో నున్నవి ఆ జాతివి.

ఇదంతయు నాకు తరువాత తెలిసినది. ఆనాటి సాయంకాలము మాత్రము అమ్మాయి బడినుండి రాగానే పెట్టెను ఆమె ముందుంచి, “ఇవేమిటే? ఇప్పుడే తీసుకుపోయి చెత్తబుట్టలో పోస్తాను” అంటిని.

ఆమె యేడువలేదు. “పారెయ్యకమ్మా” అని, కొంతసేపు ఊరకుండి, మెల్లగా నిట్లనెను: “నీకేం వచ్చిందో నాకెవరూ చెప్పలేదు. అది లోపల ఎట్లా ఉంటుందోనని రాత్రిళ్లు ఊహించుకొనేదాన్ని. చాలా పెద్దదిగా కనపడేది. బొమ్మ చేస్తే ఇంతే అయింది.” ఎంతయో రెండు వ్రేళ్లతో చూపినది.

నేను కుర్చీలో కూలబడితిని.

అంతకు మూడునెలల క్రిందట, 2022 అక్టోబరులో, నా యెడమ రొమ్మునందు కంతి యున్నదని వైద్యులు కనిపెట్టిరి. నవంబరులో శస్త్రచికిత్స చేసి రొమ్మును తీసివేసిరి. తరువాత మందు లెక్కించుట మొదలుపెట్టిరి, జుట్టు రాలిపోయెను. ఇంటిలో నెవ్వరమును ఆ జబ్బుపేరు పలుకలేదు. “అమ్మకు నలతగా ఉంది, తగ్గిపోతుంది” అని పిల్లతో చెప్పుచుంటిమి. ఆమెను భయపెట్టకుండుటకే యట్లు చేయుచున్నామనుకొంటిమి. పిల్ల మాత్రము తలుపు వెనుకనుండి సగము మాటలు విని, మిగిలిన సగమును తానే కల్పించుకొనుచుండెను. ఆ కల్పనలే ఆ పెట్టెలోని బొమ్మలు.

ఆ రాత్రి జబ్బుపేరు చెప్పితిని. ఎంతవరకు నయమైనదో, ఇంక నెన్నిమారులు మందెక్కించవలెనో చెప్పితిని. ఆమె అడిగిన ప్రశ్న లన్నిటికిని నాకు తెలిసినంతవఱకు బదులు చెప్పితిని. పెట్టె మరల మంచముక్రిందికి పోలేదు. వంటయింటి బల్లమీదికి వచ్చినది.

పగలంతయు పడుకొని పడుకొని విసిగిన నేను సాయంకాలము ఆమె ప్రక్కను కూర్చుండి చూచుచుంటిని. ముందుగా కాగితపు క్లిప్పును సాగదీసి, చిన్న బరమాతో బొమ్మకు రంధ్రముచేసి, ఆ తీగెను గ్రుచ్చును. అది యెముకవంటిది. తరువాత గ్రీన్ స్టఫ్ అను ముద్ద. ఒకటి నీలము, ఒకటి పసుపు, రెండు పట్టీలు. సమముగా త్రుంచి, ఒకటే యాకుపచ్చ రంగు వచ్చువఱకు చలిమిడివలె పిసుకవలెను. నీలము కొంచె మెక్కువైన గట్టిపడును, పసుపెక్కువైన మెత్తపడును. గంటసేపు దాక వ్రేళ్లకు లొంగును. మఱునాటికి రాయి యగును. పనిముట్టును మాటిమాటికి నీటిలో ముంచకున్న అంటుకొనును.

నా పుట్టినిల్లు బెజవాడ దగ్గర. కొండపల్లి మా కెంతో దూరము కాదు. అచ్చటి వారు తెల్లపొణికి కఱ్ఱతో తల వేరుగా, చేయి వేరుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో నతికించి, అతుకు కనబడకుండ దిద్ది రంగులు వేయుదురు. చిన్నతనమున నేను చూచిన పనియే యిది. ఆ మాట చెప్పగా అమ్మాయి కన్నులు మెఱసినవి. “అయితే మనవాళ్లు ఎప్పటినుంచో కిట్‌బాషింగ్ చేస్తున్నారన్నమాట!” అనెను. ఆమె నా పుట్టినూరిని గూర్చి తానై ప్రశ్నలడుగుట అదియే మొదటిమాఱు.

వికృతముగా చేయుట సులభమని నేననుకొంటిని. అది పొరపాటు. సరియైన దేహము తెలియనివారికి చెడిన దేహము చేయుట రాదు. రొమ్ముక్రింది కండపోగులు ఎదురెముకనుండి బయలుదేరి విసనకఱ్ఱ మడతలవలె భుజమువైపు చేరునని ఆమె శరీరశాస్త్ర గ్రంథములో చూచి నేర్చుకొనినది. ఆ పోగులను సన్నని నూలువలె ముద్దతో చుట్టి పేర్చినగాని మాంసము మాంసముగా కనబడదు. రంగు ఆరిన తరువాత మెఱుగునిచ్చు వార్నీషు పూసిన, గాయము తడిగా నున్నట్లు తోచును. ఇంత ఓర్పు గల పిల్లకు మనస్సు చెడినదని యెట్లనుకొంటినో యని నాకే సిగ్గు కలిగెను.

ఫిబ్రవరిలో నొకనాడు, కొంత జంకుచు, “అమ్మా, నీ మచ్చ ఒకసారి చూడనా?” అని యడిగెను. నేను ఉలికిపడితిని. ఆ చోటును నేనే సరిగా చూచుకొనలేదు. అద్దమునకు వీపు త్రిప్పి బట్టలు మార్చుకొనుచుంటిని. ఐనను ఎందుచేతనో కాదనలేకపోయితిని. ఆమె దగ్గరకు వచ్చి, శిల్పి రాతిని చూచునట్లు, తల యిటునటు వంచి చూచినది. జాలి లేదు, భయము లేదు. “నేను తప్పుగా చేశానమ్మా. ఇంత గందరగోళం లేనే లేదు. ఒక్క గీతే” అనెను.

ఆ రాత్రియే స్త్రీమూర్తిమీది యెఱ్ఱని ముద్దను కత్తితో చెక్కివేసి, దాని స్థానమున చదునుగా ముద్ద పఱచి, సన్నని వాలుగీత నొకదానిని గీచినది. పీతడెక్కను మాత్రము తీయనన్నది. “అది బాగా కుదిరింది” అనెను. మఱునాడు నేనును అద్దమున కెదురుగా నిలిచి చూచుకొంటిని. ఒక్క గీతయే.

ఇట్టి వికృతకల్పనలు ఆడువారికి తగవని యనువారుందురు. మృతదేహముల భాగములు తెచ్చి కూర్చి ప్రాణము పోసిన కథను వ్రాసినది మేరీ షెల్లీ యను స్త్రీయే. 1816లో ఆ ఫ్రాంకెన్‌స్టైన్ కథను మొదలుపెట్టునప్పటి కామె వయస్సు పదునెనిమిదేండ్లు. అంతకు ముందటి యేడే తన తొలిబిడ్డను పోగొట్టుకొనినది. 1818లో ఆ పుస్తకము కర్త పేరు లేకయే వెలువడినది. జంతువులను కోసి మనుష్యులుగా మార్చు వైద్యుని కథను 1896లో వ్రాసిన హెచ్. జి. వెల్స్, 1913లో బొమ్మసైనికులతో యుద్ధమాడు విధానమును చెప్పు లిటిల్ వార్స్ అను పుస్తకమును గూడ వ్రాసెను. కావున ఈ రెండు అభిరుచులును ఒకేచోట చేరుట క్రొత్త కాదు. మా యూరి సంస్థకు అనేక సంవత్సరములు రాక్షసాకృతులను మలచిన శిల్పులలో ట్రిష్ కార్డెన్ అను స్త్రీయు కలదు.

ఈ యాటలో నర్గిల్ అను వ్యాధిదేవు డొకడున్నాడు. వాని భక్తుల దేహములు కుళ్లి, ఉబ్బి, పుండ్లతో నిండియుండును. ఐనను వారు వానిని తాత యని పిలుతురు. అమ్మాయి యిది చెప్పగా నాకు మశూచికము జ్ఞప్తికి వచ్చినది. ఆ వ్యాధి ప్రపంచమున లేదని 1980లో ప్రకటించిరి. కాని మా పెద్దలు దానిని పేరుపెట్టి పిలువక, “అమ్మవారు పోసింది” అనెడివారు. ఓర్వలేని దానికి చుట్టరికము కలిపి యింటిలోనికి రానిచ్చుట మన పూర్వులకును తెలిసిన యుపాయమే కాబోలు.

ఇంటిలో పిల్లలెవరైన ఈ పని మొదలుపెట్టిన తల్లులకు కొన్ని మాటలు. కత్తిని ఎల్లప్పుడును వ్రేళ్లనుండి అవతలివైపునకే లాగవలెను. మొద్దుకత్తియే ఎక్కువగా జారి కోయును. రెసిను బొమ్మలను రాచునప్పుడు తడిపి రాచి, మూతికి ముసుగు కట్టుకొనవలెను. జిగురు వాడునప్పుడు కిటికీ తెఱచియుంచవలెను. ముద్ద కొందఱి చర్మమునకు పడదు గాన తొడుగులు మంచివి. క్రొత్త పెట్టెల ధర తక్కువ కాదు; మిగిలిన ముక్కలను స్నేహితులతో మార్చుకొనినచో ఖర్చును తగ్గును, చెలిమియు పెరుగును. మా యమ్మాయి సంచిలో ఇప్పుడు నా పాత గాజుముక్కలును, తెగిన గొలుసులును గలవు.

2023 డిసెంబరులో మా అత్తగారు ఇండియానుండి వచ్చిరి. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టుదమనిరి. జబ్బు చేసినప్పటినుండి నేను పేరంటములకు పోవుట మానితిని, పిలుచుటయు మానితిని. కాదనలేక ఒప్పుకొంటిని. పై మెట్లమీద దేవతలు, క్రింద కొండపల్లి యెడ్లబండి, తాడిచెట్టు, కూరగాయలమ్మి. అమ్మాయి తన స్త్రీమూర్తిని చేతిలో పట్టుకొని, పెట్టవచ్చునో కూడదో తెలియక తిరుగుచుండగా అత్తగారు చూచిరి. కళ్లజోడు పెట్టుకొని, ఆ బొమ్మను వెలుతురునకు త్రిప్పి, “ఇది ఏ రాక్షసే?” అనిరి.

“రాక్షసి కాదు నాయనమ్మా. సిపాయి. జబ్బు చేసింది, తగ్గింది.”

“తగ్గితే దాచటమెందుకు? పెట్టు” అని అత్తగారే యెడ్లబండి ప్రక్కను చోటు చేసిరి.

ఆ సాయంకాలము ఊరిలోని తెలుగువారు పదిమంది పేరంటమునకు వచ్చిరి. పసుపు కుంకుమ లిచ్చితిమి. పిల్లలందఱును క్రిందిమెట్టు దగ్గరనే గుమిగూడిరి. ఒకామె వంగి చూచి, “పీతడెక్క సరే, ఈ ఎడమ ప్రక్క ఇట్లా ఎందుకు చేశావమ్మా?” అని యడిగెను. అమ్మాయి నావైపు చూచినది.

నేనే ముందుకు వచ్చి చెప్పితిని.