టొరాంటోలో ఒక బంతి

టొరాంటో నగరంలో యూనియన్ స్టేషనుకు వెనుకవైపున ఉన్న పెద్ద భవనం ఒకప్పుడు తపాలా శాఖవారిది. ప్రయాణ సాధనాల చరిత్రను చెక్కిన రాతిబొమ్మలు ఆ గోడలమీద ఇప్పటికీ ఉన్నవి. ఆ పాత గోడలను కలుపుకొనే ఆటల మందిరం కట్టి 1999లో తెరిచారు. 2018 నుంచి దాని పేరు స్కోషియాబ్యాంక్ అరీనా. తిరుపతిలో దిగినవాడికి ముందు కొండ చూపించినట్లు, మా మేనల్లుడు నన్ను సరాసరి ఆ మందిరం పక్కనున్న ఖాళీ జాగాలోకి తీసుకుపోయి, "ఆ రాత్రి ఇక్కడే నుంచున్నాను మావయ్యా" అన్నాడు. కాకినాడలో చదువుకుని ఈ ఊళ్లో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు వాడు.

ఆ రాత్రి అంటే 2019 మే 12. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ పోటీల్లో 30 జట్లున్నాయి. వాటిలో అమెరికా సరిహద్దుకు బయట ఉన్నది టొరాంటో ఒక్కటే. జట్టు పేరు రాప్టర్స్. ఆఖరి దశలో ఒక్కొక్క జంట మధ్య ఏడేసి ఆటలు పెడతారు. ముందు నాలుగు గెలిచినవారు పైమెట్టు ఎక్కుతారు. టొరాంటో, ఫిలడెల్ఫియా చెరి మూడు గెలిచారు. ఏడవ ఆటలో 90–90. ఇంక మిగిలింది నాలుగు సెకన్లు.

కవాయ్ లెనర్డ్ అనే ఆటగాడు బంతి పుచ్చుకొని కుడి మూలకు పరుగెత్తాడు. ఏడడుగుల ఎంబీడ్ చేతులెత్తి అడ్డం వచ్చాడు. ఆ చేతులకు అందకుండా లెనర్డ్ బంతిని బాగా ఎత్తుగా వేయవలసి వచ్చింది. గంట మోగింది, బంతి ఇంకా గాలిలోనే ఉంది. వచ్చి ఇనుప చక్రం అంచుమీద పడి ఎగిరింది. మళ్లీ అదే అంచుమీద పడింది. అవతలి అంచుకు దాటి అక్కడ రెండుసార్లు తగిలింది. అప్పటికిగాని లోపలికి జారలేదు. 92–90.

లోపల దాదాపు 20 వేలమంది, బయట ఈ జాగాలో పెద్ద తెరముందు మరిన్ని వేలమంది. "ఆ నాలుగు దెబ్బలకూ ఎవ్వరూ ఊపిరి తీసుకోలేదు. పక్కనున్న చీనా ముసలాయన నా చెయ్యి పట్టుకుని, గంట తర్వాతగాని వదల్లేదు" అన్నాడు మావాడు. గంట అన్నది వాడి అతిశయోక్తి కాబోలు.

"అయితే అదృష్టం వరించిందన్నమాట" అన్నాను. వాడికి కోపం వచ్చింది. "ఆయన ఆ రోజు వేసినవి 41 పాయింట్లు. అదృష్టంతో వస్తాయా మావయ్యా?"

రావు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ఫుట్‌బాల్ ఆటలో ఒకటో రెండో గోలులతో తీర్పు అయిపోతుంది గనక ఒక్క గాలివాటు బంతి బలహీనుణ్ణి గెలిపించవచ్చు. బాస్కెట్‌బాల్‌లో ఒక్కొక్క జట్టుకూ బంతి దాదాపు నూరుసార్లు చేతికి వస్తుంది. అన్నిసార్లు పాచికలు వేస్తే మంచి పందేలూ చెడ్డ పందేలూ సరిపోయి, నేర్పే పైకి తేలుతుంది. అది చాలదన్నట్లు ఏడు ఆటలు. కాని ఆరు ఆటలూ, ఏడవదానిలో 47 నిమిషాల పైచిల్లరా ఆడిన తర్వాత కూడా ఇద్దరూ సమానంగా నిలిస్తే? అప్పుడు ఇనుప అంచు ఏం చెబితే అదే తీర్పు.

ఇదే టొరాంటో, ఇదే ఫిలడెల్ఫియా, 2001 మే 20న కూడా ఏడవ ఆటలోనే తలపడ్డాయి. ఆ ఆట ఫిలడెల్ఫియాలో. టొరాంటో ఒక్క పాయింటు వెనుకబడి ఉండగా ఆఖరి బంతిని విన్స్ కార్టర్ వేశాడు. అది చక్రానికి తగిలి బయటికి పోయింది, 88–87. ఆ ఉదయం కార్టర్ ఉత్తర కరోలినా వెళ్లి విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకొని, విమానంలో తిరిగి వచ్చి ఆడాడు. ఆ ప్రయాణం మూలానే ఓడించాడని ఊరంతా ఆడిపోసుకుంది. బంతి కాస్త ఇవతల పడి ఉంటే, చదువుకోసం పోయి వచ్చి మరీ గెలిపించాడని ఆ నోళ్లే పొగిడేవి.

2019లో ఆ గండం గడిచింది గాని, ఫైనల్లో ఎదురైనది గోల్డెన్ స్టేట్ జట్టు, అంతకుముందు రెండేళ్లూ విజేత. వారి మహా ఆటగాడు డ్యూరంట్ నెల్లాళ్లుగా కాలిపిక్క నొప్పితో కూర్చుని, అయిదవ ఆటకు టొరాంటోలో దిగి, పన్నెండు నిమిషాలకే మడమ నరం తెగి పడిపోయాడు. అప్పుడు ప్రేక్షకుల్లో కొందరు చప్పట్లు కొట్టారు. టొరాంటో ఆటగాళ్లే చేతులూపి వాళ్లను వారించవలసి వచ్చింది. ఈ సంగతి చెబుతూ మావాడు నేల చూశాడు. ఆరవ ఆటలో, జూన్ 13న, అప్పటికే 30 పాయింట్లు వేసిన క్లే థాంప్సన్‌కు మోకాలు పోయింది. టొరాంటో 114–110తో గెలిచి, మొట్టమొదటిసారి విజేత అయింది. నాలుగు రోజుల తర్వాత ఊరేగింపుకు పది లక్షలకు పైగా జనం వచ్చారట. 1995 నుంచి సొంత ఊరి ఆట ఒక్కటీ తప్పకుండా చూసిన నవ్ భాటియా అనే సిక్కు పెద్దమనిషి తలపాగాతో అందులో ఉన్నాడు. జట్టువారు ఆయనకూ విజేతల ఉంగరం ఇచ్చారు.

గోల్డెన్ స్టేట్‌వారి మీద జాలిపడనక్కరలేదు. 2018లో హ్యూస్టన్ జట్టు వారిమీద 3–2 ముందంజలో ఉండగా క్రిస్ పాల్ గాయపడి కడపటి రెండు ఆటలకూ లేకపోయాడు. ఏడవ ఆటలో హ్యూస్టన్‌వారు దూరంనుంచి వేసిన బంతులు వరుసగా 27 తప్పిపోయాయి! ఆ ఏటి కప్పు గోల్డెన్ స్టేట్‌వారి ఇంట్లో ఉన్నది. దానిమీద ఈ చరిత్ర యేదీ చెక్కి ఉండదు.

మర్నాడు ఆల్‌మాంట్ అనే చిన్న ఊరికి బయలుదేరాం. కారులో నాలుగు గంటలకు పైనే. దారిలో మావాడు ఉన్నట్టుండి, తనతో ఒకే విమానంలో వచ్చిన గుంటూరు కుర్రవాడి మాట ఎత్తాడు. ఒకే చదువు, ఒకే కార్యాలయం. ఒక శుక్రవారం ఉద్యోగులను తీసివేస్తూ పోయారు. ఆ జాబితా వీడి గది దాకా రాలేదు. ఆ కుర్రవాడిది పక్కగది. అప్పు తీరకుండానే గుంటూరు వెళ్లిపోయాడు. "నాకంటే వాడే బాగా పని చేసేవాడు" అని ఊరుకున్నాడు. నేనూ ఏమీ అనలేదు.

ఆల్‌మాంట్ ఒకప్పుడు ఉన్ని మిల్లుల ఊరు. పక్కన పారే నదిపేరు మిసిసిపీ. అమెరికా మిసిసిపీకీ దీనికీ చుట్టరికం లేదు. బాస్కెట్‌బాల్ సృష్టికర్త జేమ్స్ నైస్మిత్ 1861లో పుట్టింది ఈ ప్రాంతంలోనే. వీధిలో ఆయన కంచు విగ్రహం కూర్చుని ఉంది. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పంతులుగా ఉంటూ, చలికాలం నాలుగు గోడల మధ్య ఆడటానికి కొత్త ఆట కావాలని 13 సూత్రాలు రాశాడు. బంతి వేయటానికి రెండు పెట్టెలు తెమ్మని కాపలాదారుణ్ణి అడిగాడు. పెట్టెలు దొరకలేదు, కొట్టుగదిలో రెండు పీచు పళ్ల బుట్టలుంటే అవి తెచ్చాడు. వాటిని మేడవసారా అంచుకు కొట్టారు. ఆ అంచు నేలకు పది అడుగుల ఎత్తున ఉంది. ఈనాటికీ లోకమంతటా చక్రం ఎత్తు పది అడుగులే.

"పెట్టెలు దొరికి ఉంటే?" అన్నాడు మావాడు.

"పెట్టెకు నాలుగు మూలలుంటాయి. మీ లెనర్డ్ బంతి యే మూలకు తగిలి యెటు పోయేదో!"

వాడు నవ్వి, విగ్రహం పక్కన కూర్చుని నాచేత ఫోటో తీయించుకున్నాడు. ఆ ఫోటో గుంటూరు కుర్రవాడికి పంపాడని సాయంత్రం తెలిసింది.